ఇస్త్రీ బల్ల మీద కోడలు

సోమవారం

భోజనాల దగ్గర ఇవాళ పిర్రలు అనే మాట నాలుగైదు సార్లు వినిపించింది. అన్నది నా కోడలు. నా కొడుకు ఆ మాట వింటూనే తిన్నాడు. వాడికి ముద్ద ఎక్కడా ఆగలేదు.

కడుపులో బిడ్డ తల పైకి పెట్టుకుని, పిర్రలు కిందికి పెట్టుకుని, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుందట. ఎనిమిదో నెల దాటింది, ఈపాటికి తల కిందికి దిగాలట. దిగకపోతే పొట్ట కోసి తీస్తారట. డాక్టరమ్మ బొమ్మ గీసి ఇచ్చింది. ఆ బొమ్మను తెచ్చి కూర గిన్నెకు ఆనించి నిలబెట్టారు, అందరూ చూడాలని.

నేను లేచాను.

"మామయ్యా, మీరింకా తినలేదు" అంది.

"కడుపు నిండింది" అన్నాను.

నిండలేదు. రోత పుట్టింది. మా కాలంలో ఆడవాళ్ళ కడుపులో ఏముందో మగవాడికి పురుడయ్యాక తెలిసేది. అదీ అడిగితేనే.

మంగళవారం

నా కొడుకుది శీతల గిడ్డంగిలో రాత్రి డ్యూటీ. పొద్దున వచ్చి సాయంత్రం దాకా పడుకుంటాడు. ఇవాళ పడుకునే ముందు కోడలి పొట్ట కింది వైపు టార్చిలైటు వేసి, "రా నాన్నా, ఇటు రా, వెలుతురు ఇక్కడుంది" అని పిలిచాడు. పొట్ట పైభాగాన మంచు సంచి పెట్టారు. తలకు చలేసి బిడ్డ కిందికి పారిపోతుందని వీళ్ళ లెక్క. నేను మంచినీళ్ళకు వెళ్తూ చూశాను. మీసాలున్న మగాడు మోకాళ్ళ మీద కూర్చుని పొట్టకు పాట పాడుతున్నాడు. వీడు నా కొడుకని బయట ఎలా చెప్పుకోవాలి?

"తలుపేసుకోరా" అన్నాను.

"నువ్వే వెయ్యి నాన్నా. నా చేతిలో టార్చి ఉంది" అన్నాడు.

బుధవారం

పక్కింటావిడ వచ్చింది. ఆవిడకు నేను సలహాల డబ్బా అని పేరు పెట్టాను, మనసులోనే. వెంట ఒక పొగ వైద్యుడిని కూడా తెచ్చింది.

"అన్నయ్యగారూ, మీరేం కంగారు పడకండి. మా ఆడపడుచు కోడలికి ఇలాగే అయితే ఈయన చేతే పొగ వేయించాం. గిరుక్కున తిరిగిపోయింది."

"నేను కంగారు పడలేదు."

"పడ్డారు. మీ మొహం చూస్తే తెలియట్లా?"

"నా మొహం ఎప్పుడూ ఇంతే."

"అదీ నిజమే లెండి" అంది.

ఆ వైద్యుడు చుట్టలా చుట్టిన ఎండుటాకులు అంటించి కోడలి కాలి చిటికెన వేలు దగ్గర పట్టుకు కూర్చున్నాడు. కాలి వేలికీ కడుపులో బిడ్డకూ ఏం సంబంధమని అడిగాను. "నరం ఉంది పెద్దాయనా" అన్నాడు. వాడి గోళ్ళ నిండా మట్టి. కాలరు మడత మీద జిడ్డు చార. అలాంటి కాలరు నా ఇస్త్రీ దుకాణానికి వస్తే కర్రతో ఎత్తి పక్కన పడేసేవాడిని. ఇల్లంతా ఉన్ని మాడిన కంపు కొట్టింది. కోడలు లేచి వెళ్ళి వాంతి చేసుకుంది. నేను వాడిని గుమ్మం దాటేదాకా వెనకే నడిచి పంపించాను.

గురువారం

ఏమీ లేదు. బిడ్డ అలాగే కూర్చుంది.

శుక్రవారం

కోడలు వచ్చి నా గది గుమ్మంలో నిలబడింది. నేను ఈ ఇంటికి వచ్చాక ఆమె నన్ను ఒకటి అడగడం ఇదే మొదలు. కాఫీ పెట్టి వెళ్తుంది, అంతే. ఆమె టౌను బస్సు నడుపుతుంది. ఇప్పుడు సెలవులో ఉంది. ఆడది బస్సు నడపడం నాకు నచ్చలేదని పెళ్ళప్పుడు నేను దాచలేదు. ఆమె మర్చిపోలేదు.

"మామయ్యా, మీ బల్ల కావాలి."

"ఏ బల్ల?"

"మీ మంచం కింద ఉంది కదా, ఇస్త్రీ బల్ల. నడుము ఎత్తుకి, తల కిందికి పెట్టి ఏటవాలుగా పడుకోమన్నారు. ఇంట్లో ఉన్న మడత బల్ల ఎక్కితే మడుచుకుపోయింది. ఇంకాస్తుంటే నన్నూ కలిపి మడిచేసేది."

నా బల్ల ఒకే చెక్క, అతుకు లేదు. దుకాణం మూసినప్పుడు అన్నీ అమ్మేశాను, దాన్ని అమ్మలేదు. దాని మీద బట్ట తప్ప ఇంకొకటి పెట్టనిచ్చేవాడిని కాదు. టిఫిను డబ్బా పెట్టిన పనివాడిని ఆ పూటే పంపించేశాను.

"దాని మీద మనిషి పడుకుంటుందా?" అన్నాను.

"మనిషి కాదు. ఇద్దరం."

నేను మంచం కిందికి వంగి చూశాను. అప్పుడు అంది, "కోస్తే నెలల తరబడి స్టీరింగు పట్టనివ్వరు మామయ్యా. ఈలోపల నా రూటు ఇంకెవరికో ఇచ్చేసి నన్ను టికెట్ల గదిలో కూర్చోబెడతారు. ఆ సీటు కోసం ఎంత తిరిగానో మీకు తెలియదు. నాకు కోత వద్దు. అంతే."

బతిమాలలేదు. ఏడవలేదు. అది నచ్చింది. నచ్చిందని ఇక్కడ రాస్తున్నాను గానీ చెప్పలేదు. బల్ల తీసి తుడిచి కంబళి చుట్టాను.

శనివారం

మధ్యాహ్నం నా గదిలోనే బల్ల వేశాం, ఒక కొస మంచం మీద, ఒక కొస నేల మీది పరుపు మీద. ఆమె మెల్లగా జరిగి తల కిందికి పెట్టి పడుకుంది. నేను కుర్చీ తిప్పి గోడకు మొహం పెట్టుకుని కూర్చున్నాను.

"అదేంటి మామయ్యా, గోడతో పనుందా?"

"నువ్వు జారితే పట్టుకోవాలని కూర్చున్నాను. చూడాలని కాదు."

"చూడకపోతే జారానని ఎలా తెలుస్తుంది?"

"చప్పుడవుతుంది."

నవ్వింది. బల్ల కిర్రుమంది. నవ్వకు, పాత బల్ల అన్నాను. లేచేటప్పుడు చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది. మొహం ఎర్రగా ఉబ్బి, ఊపిరి బుసకొడుతూ ఉంది. చూడలేకపోయాను. బట్టలు నొక్కే చోట మనుషులను ఆరేస్తున్నాం.

ఆదివారం

బల్ల. మావాడు పక్క గదిలో నిద్రపోతుంటాడు కాబట్టి గొంతు తగ్గించి మాట్లాడుకోవాలి. తల కిందికి ఉంటే ఆమె మాట ముక్కులోంచి వస్తుంది, బాతు మాట్లాడినట్టు. ఆ గొంతుతోనే బస్సు సంగతులు చెప్పింది. ఒకడు రోజూ ఎక్కి టికెట్టు తీసుకోకుండా ఆశీర్వాదం ఇచ్చి దిగిపోతాడట. ఒకావిడ కోడితో ఎక్కితే కోడికి టికెట్టు అడిగారట. "ఎందుకూ? ఇదేమన్నా సీటడిగిందా?" అందట.

నేను నవ్వలేదు. దగ్గు వచ్చింది.

సోమవారం

బల్ల. చొక్కా చూసి మనిషిని చెప్పగలరా అని అడిగింది. ఎందుకు చెప్పలేను? చంకల్లో పచ్చటి మరక, కాలరు లోపల జిడ్డు, జేబు మూలలో పొగాకు పొడి. పైకి పెద్దమనిషి, లోపల పంది. వీధిలో వాళ్ళందరి మురికీ నా చేతుల మీదుగా పోయింది. అందుకే నాకు మనుషులంటే అంత గౌరవం లేదు. అదే చెప్పాను.

"మరి నేను?" అంది.

"నీ కాలరు పర్వాలేదు."

"ఆ ముక్క పెళ్ళప్పుడు అనుంటే సరిపోయేది కదా మామయ్యా."

టైమైంది లెమ్మన్నాను. టైము కాలేదు.

మంగళవారం

బల్ల.

బుధవారం

బల్ల. మా ఆవిడ పోయాక నేను ఒక మనిషితో ఇంతసేపు మాట్లాడలేదు అని గుర్తొచ్చింది. దానికీ దీనికీ సంబంధం లేదు. బిడ్డ తిరగాలి, అందుకే కూర్చుంటున్నాను.

గురువారం

ఆస్పత్రి. మావాడు నిద్ర మొహంతో ఊగుతున్నాడని నన్ను తీసుకెళ్ళింది. ఆ హాలు నిండా పొట్టలే. కుర్చీ చేతులు జిగటగా ఉన్నాయి. నా పక్కన ఒకడు భార్యను డాక్టరు ఎక్కడెక్కడ చెయ్యి పెట్టి చూసిందో ఫోనులో గట్టిగా చెబుతున్నాడు, అవతల ఎవరో గానీ మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. ఛీ. లోపలా బయటా అని లేకుండా పోయింది మనుషులకు.

తల దిగింది.

లోపల కోడలు బట్టలు సర్దుకుంటుంటే డాక్టరమ్మ బయటికి వచ్చింది. చేతులకు ఆ పొట్ట మీద పూసే జిగురు ఇంకా ఉంది.

"పెద్దాయనా, నన్ను పై వార్డుకి పిలుస్తున్నారు, మీరు చెప్పండి మీ కోడలికి. ఇక ఆ తలకిందుల పడక ఆపేయమనండి. తల దిగింది కదా. నడవమనండి, నిటారుగా కూర్చోమనండి. మర్చిపోరుగా?"

"నేనేదీ మర్చిపోను" అన్నాను.

బస్సులో వచ్చాం. డ్రైవరు ఆమెను గుర్తుపట్టి మా సందు మొదట్లోనే ఆపాడు. దారంతా ఆమె సంతోషంగా ఉంది. మధ్యలో ఎందుకని చెప్పలేదు. ఇంటికి వచ్చాక మావాడు గంతులేశాడు. ఆ గోలలో వీలు కాలేదు. రేపు చెబుతాను.

శుక్రవారం

బల్ల తీసి మంచం కింద పెట్టేద్దామని వంగాను. నడుము పట్టింది, వదిలేశాను. వేళకు ఆమె వచ్చి నిలబడింది.

"ఇవాళ కూడా పడుకోవాలంటారా?"

బట్ట నొక్కాక వెంటనే తీయము. కాసేపు బరువు కింద ఉంచుతాం. అప్పుడే మడత నిలుస్తుంది. వేడి మీద ఎత్తేస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. ఈ పని నాకు తెలుసు. డాక్టరమ్మకు తెలిసింది డాక్టరమ్మకు తెలుసు.

"కొన్నాళ్ళు ఉండనీ. నిలవాలి కదా" అన్నాను.

"మీరంటే సరే" అని పడుకుంది. కోడి ఆవిడ సంగతి మళ్ళీ చెప్పించుకున్నాను. మొదటిసారి సరిగా వినలేదు.

శనివారం

బల్ల. చెబుదామనుకున్నాను. మావాడు లేచి ఉన్నాడు.

ఆదివారం

బల్ల. మర్చిపోయాను.

సోమవారం

బల్ల. ఆమెకూ చెప్పే ఉంటారు. డాక్టర్లు ఒకే మాట పదిమందికి చెబుతారు.

మంగళవారం

ఆమె బల్ల మీద ఉంది. నేను గోడ వైపు తిరిగి సిరా మరక ఎలా తీయాలో చెబుతున్నాను. "మామయ్యా" అంది. ఆ గొంతు వేరు. తిరిగి చూశాను, చూడకూడదని ఉన్నా చూశాను. పొట్ట ఒక పక్కకు ఎత్తుగా లేచి, దుప్పటి కింద పిల్లి జరిగినట్టు జరిగింది. అటు నుంచి ఇటు. నా ఒళ్ళంతా జలదరించింది. 

లేపి కూర్చోబెట్టాను. ఆమె రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని పక్కటెముకల కింద తడుముకుంది.

"గుండ్రంగా ఉంది. ఇక్కడ తల ఉంది మామయ్యా. మళ్ళీ పైకి వచ్చేసింది."

"పిర్రలేమో" అన్నాను.

ఆ మాట నా నోట వచ్చింది.

బుధవారం

తలే. స్కాను చేశారు. డాక్టరమ్మ లేదు, ఇంకో కుర్ర డాక్టరు ఉన్నాడు. వాడు ఏమీ అడగలేదు. బల్ల సంగతి అడుగుతాడేమో అని నిలబడ్డాను. అడగలేదు. చేత్తో తిప్పి చూద్దాం రేపు రమ్మన్నాడు.

గురువారం

బయటి నుంచి చేత్తో తిప్పుతారట. డాక్టరమ్మ, ఇంకొకావిడ. మావాడు వచ్చాడు గానీ సూది చూసి మోకాళ్ళ మధ్య తల పెట్టుకు కూర్చున్నాడు. వాడిని నర్సు బయటికి నడిపించుకుపోయింది. కోడలు, "మామయ్యను రమ్మనండి" అందట. మామగారు ఆ గదిలోకి వెళ్ళడం ఎక్కడైనా ఉందా? వెళ్ళాను. తెర పక్కన గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

"ఏదైనా మాట్లాడండి" అంది.

నూనె మరక చెప్పాను. తుప్పు మరక చెప్పాను. వెనకాల తడి చప్పుడు, జిగురు చప్పుడు. తడి దుప్పటి పిండుతున్నట్టు ఇద్దరూ పట్టి నొక్కుతున్నారు, ఒకావిడకు ఊపిరి ఎగపోస్తోంది. "సగం వచ్చింది, సగం వచ్చింది" అంటున్నారు. కోడలు పళ్ళు నూరిన చప్పుడు విన్నాను. నెత్తురు మరకకు చన్నీళ్ళే వాడాలి, వేన్నీళ్ళు పోయకూడదు అని చెబుతుంటే డాక్టరమ్మ, "వద్దు, ఆపేద్దాం, బిడ్డ గుండె తగ్గుతోంది" అంది.

కాసేపటికి గుండె మళ్ళీ కుదురుకుందట. బిడ్డ మాత్రం మొదటి చోటికే పోయింది.

ఆపరేషన్ సోమవారం. కోడలు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంటిదాకా ఇటు తిరగలేదు.

చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. నేనేమీ ముట్టుకోలేదు. అయినా కడుక్కున్నాను.

శుక్రవారం

మరక చూడకుండా దాని మీద ఇస్త్రీపెట్టె పెడితే ఆ మరక ఇక పోదు. వేడికి నూలులోకి దిగిపోతుంది. సోమవారం లోపల చెప్పాలి అనుకున్నాను.

ఆమె బిడ్డ బట్టలు సంచిలో సర్దుతోంది.

"అమ్మాయ్, ఆ బల్ల ఆపేయమని డాక్టరమ్మ నాకు చెప్పింది. తల దిగిన రోజునే. నేను నీకు చెప్పలేదు."

చేతిలో చిన్న చొక్కా ఉంది. దాన్ని మడతపెట్టడం ఆపింది.

"మర్చిపోయారా?"

ఆ మాట పట్టుకుని ఒడ్డెక్కేయవచ్చు. ఆమే అందించింది.

"లేదు" అన్నాను.

"మరి?"

"చెబితే ఇక మధ్యాహ్నం రావు కదా."

నన్ను చూసింది. నేను మురికి చొక్కా లేవనెత్తి చూసినట్టు చూసింది.

"మీకు చెప్పేయడం తేలికే మామయ్యా. కోసేది నన్ను" అని సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

శనివారం

కాఫీ గుమ్మం బయట పెట్టింది. చల్లారాక చూశాను.

మావాడు వచ్చి, "మీ ఇద్దరికీ ఏమైంది నాన్నా?" అన్నాడు. అంటే ఆమె వాడికి చెప్పలేదు. నా మీద దయో, వాడి మీద దయో. దయ నాకు పడదు. నేనే చెప్పాను. వాడు చెప్పులేసుకుని డ్యూటీకి పోయాడు.

ఆదివారం

గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసుకున్నాను. చెవుల్లో వెంట్రుకలు, మెడ మీద వేలాడే తోలు. ఈ వయసులో ఒక గంట కబుర్ల కోసం గుటకలు మింగే ముసలాడు. అసహ్యం.

సోమవారం

లోపలికి తీసుకెళ్ళేముందు డాక్టరమ్మను పట్టుకుని అడిగాను. బల్ల మీద పడుకోబెట్టినందుకే తిరిగిందా అని. "చెప్పలేం పెద్దాయనా. ఉమ్మనీరు ఎక్కువగా ఉంది, ఇలాంటి బిడ్డలు వాళ్ళ ఇష్టం వచ్చినట్టు తిరుగుతారు. పడుకోకపోయినా తిరిగేదేమో" అంది.

ఆవిడ నన్ను వదిలేసింది. నన్ను నేను వదల్లేదు.

ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. నన్ను లోపలికి ఎవరూ పిలవలేదు. నేనూ అడగలేదు. హాలులో కూర్చుని వచ్చాను.

మంగళవారం

ఇవాళ పిలిచింది.

వార్డులో మందుల కంపు, పుల్లటి పాల కంపు, ఎవరిదో ఎంగిలి పళ్ళెం మంచం కింద. ఆమె చదునుగా పడుకుని ఉంది. దగ్గు వస్తే రెండు చేతులతో పొట్ట అదిమి పట్టుకుని, కళ్ళు మూసుకుని దగ్గింది. అది నేను చూడాలనే అన్నట్టు మెల్లగా దగ్గింది.

"డిపో నుంచి ఫోను వచ్చింది. నా రూటు ఇచ్చేశారు" అంది.

మంచం కింది ఎంగిలి పళ్ళెం కాలితో పక్కకు జరిపాను.

"మళ్ళీ అడుగుతాను. లేవగానే వెళ్ళి కొట్లాడతాను. వాళ్ళే ఇస్తారు, ఇవ్వకపోతే రోజూ వెళ్ళి కూర్చుంటాను. అప్పుడు పగలు దీన్ని ఎవరు చూస్తారు? మీ అబ్బాయి నిద్రపోతాడు."

"నేను చూస్తాను."

"కోపం పోయిందనుకోకండి."

"అనుకోలేదు."

"దీని సంగతి ఎవరేం చెప్పినా నాకు చెప్పాలి. మంచో చెడో, మీకు నచ్చినా నచ్చకపోయినా. అప్పటికప్పుడు."

"చెబుతాను."

"చూద్దాం" అని బిడ్డను చూపించింది. తీసుకోమనలేదు, ఊరికే చూపించింది. కడుపులో కూర్చున్నట్టే ఉంది. రెండు కాళ్ళూ పైకి లేచి చెవుల దగ్గర ఉన్నాయి. నర్సు ఒక కాలు కిందికి లాగి వదిలితే చటుక్కున మళ్ళీ పైకి పోయింది. ఒంటి మీద తెల్లటి మైనం, మడతల్లో ఇంకా తుడవలేదు. నల్లగా తారులా దొడ్డికెళ్ళింది. బట్టకు అంటితే ఆ మరక పోవడం కష్టం. మొహం చూస్తే నా మొహమే. పాపం.

బయటికి వచ్చాను. వరండా చివర పిల్లల డాక్టరు ఎదురై, మీరేనా తాతయ్య, అన్నాడు. ఇలా కూర్చుని పుట్టిన పిల్లలకు తుంటి కీలు సరిగా కుదరకపోవచ్చట. ఏమీ ఉండకపోవచ్చు, అయినా ఆరో వారంలో ఒకసారి తీసుకొచ్చి చూపించాలట. "తర్వాత ఎప్పుడైనా చెప్పండి వాళ్ళమ్మకు, ఇప్పుడు నిద్రపోనివ్వండి" అన్నాడు.

వెనక్కి నడిచాను. మెట్లెక్కాను. మోకాళ్ళు తిట్టాయి. ఆమె అప్పటికే నిద్రపోయింది, నోరు తెరుచుకుని, చొంగ కారుతూ. నర్సు చెయ్యి అడ్డం పెట్టి, "ఏంటి పెద్దాయనా, ఇప్పుడే కళ్ళు మూసింది" అంది.

మంచం కడ్డీ పట్టుకుని ఊపాను.

"అమ్మాయ్. లే. డాక్టరు ఒకటి చెప్పాడు."

కళ్ళు తెరిచింది. తుంటి కీలు, ఆరో వారం, అంతా చెప్పాను. ఏమీ ఉండకపోవచ్చన్నాడని కూడా చెప్పాను.

"దీనికోసం లేపారా?" అంది. ఇంకా చాలా అంది. బస్సు నడిపే మనిషి నోరు. పక్క మంచాల వాళ్ళు లేచి కూర్చుని విన్నారు.

నేను నిలబడి మొత్తం తిట్టించుకుని వచ్చాను.